గ్రూపులో బొబ్బిలి యుద్ధం మొదలైతే ఎలా వాదించాలి?

విజయనగరం జిల్లా వాళ్లు నలుగురు చేరిన వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో ఒకప్పుడు బొబ్బిలి యుద్ధం రాక తప్పదు. విజయనగరం రాజూ ఫ్రెంచివాళ్లూ కలిసి ముట్టడించిన బొబ్బిలి కోట 1757 జనవరి 24న కూలింది. తప్పు ఆ రాజు విజయరామరాజుదా, ఫ్రెంచి సేనాని బుస్సీదా అన్న తగవు మాత్రం ఇంకా కూలలేదు. అవతలి మనిషి ముఖమూ వయసూ మనకు తెలియవు. అయినా గట్టిగా వాదించి, మర్నాడు మామూలుగా పలకరించుకోవచ్చు. నేను కొన్ని మొట్టికాయలు తిన్నాక నేర్చుకున్న పద్ధతి ఇది.

1. గొడవ దేని మీదో ముందు తేల్చుకోండి

ఒకసారి ‘కన్యాశుల్కం’ ఏ సంవత్సరానిదన్న చర్చ వచ్చింది. నేను 1897 అన్నాను. ఒకాయన 1892 అన్నారు. మూడో ఆయన వచ్చి మీ ఇద్దరిదీ తప్పే, 1909 అన్నారు. రాత్రి పదకొండు దాకా ఒకరి చదువును ఒకరం శంకించుకున్నాం. తీరా చూస్తే 1892 విజయనగరంలో నాటకం మొదట ఆడిన సంవత్సరం, 1897 అచ్చయిన సంవత్సరం, 1909 గురజాడ తిరగరాసిన ప్రతి వెలువడిన సంవత్సరం. ముగ్గురిదీ ఒప్పే! “మీరంటున్నది ఆడినప్పటి మాటా, అచ్చయినప్పటి మాటా?” అని మొదట్లోనే ఎవరైనా అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

2. ‘అట’ వాడండి

కోట పడిన తర్వాత విజయరామరాజును ఆయన డేరాలోనే చంపారని ఆ కాలపు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాశాడు. అది రాతలో ఉన్న మాట. ఇప్పుడు విజయనగరంలో అమ్మవారిగా కొలిచే పైడితల్లి, యుద్ధం వద్దని అన్నగారైన విజయరామరాజును వారించిందన్నది తరతరాలుగా జనం చెప్పుకునే మాట. “వారించిందట” అని రాస్తే భక్తుడి మనసూ నొచ్చుకోదు, చరిత్ర చదివినవాడికీ అభ్యంతరం ఉండదు. ఇంత చిన్న మాటతో ఇంత పని జరుగుతుంటే మనం దాన్ని వదిలేసి “ఇది నిజం, తెలియకపోతే చదువుకోండి” అంటూ ఉంటాం.

3. ‘మీరు’ వదలకండి

తెలుగులో కొట్లాట ‘మీరు’ నుంచి ‘నువ్వు’లోకి దిగిన చోట మొదలవుతుంది. అవతలివారు దిగినా మీరు దిగకండి. ‘బాబూ’, ‘తమ్ముడూ’ కూడా వద్దు, ఆయన మీ నాన్నగారి ఈడువాడు కావచ్చు. ఇక ‘తమరు’, ‘మహానుభావులు’ అన్నవి మర్యాద ముసుగులో వేసే చురకలని పసిపిల్లలకు కూడా తెలుసు.

4. తెలుగును తెలుగు లిపిలోనే రాయండి

ఇంగ్లీషు అక్షరాల్లో ‘పాత’కూ ‘పాట’కూ తేడా కనిపించదు. మీరు పాట బాగుందంటే, పాతదే బాగుందన్నారని ఎవరో అలుగుతారు.

5. తప్పయితే అక్కడే ఒప్పుకోండి

పంపిన సందేశాన్ని వాట్సాప్‌లో పదిహేను నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. ఆ గడువు దాటితే “నేను చెప్పింది పొరపాటు, ఆయనదే సరి” అని దాని కిందే రాయండి. చెరిపేస్తే చెరిపేసినట్టు గుర్తు మిగులుతుంది, అందరి కళ్లూ దాని మీదే పడతాయి.

6. ఆపేటప్పుడు చెప్పి ఆపండి

“నాకు తెలిసింది ఇంతే, ఇక్కడికి ఆపుతాను” చాలు. గ్రూపు నుంచి ఆవేశంగా వెళ్లిపోయి వారానికి తిరిగి చేరడం కంటే చిన్నతనం లేదు. (నేను రెండుసార్లు చేశాను.) బూతులకూ బెదిరింపులకూ మాత్రం జవాబివ్వకండి. స్క్రీన్‌షాట్ తీసుకుని అడ్మిన్‌కు పంపండి. “66ఏ కింద కేసు పెడతాను” అని ఎవరైనా ఉరిమితే, ఐటీ చట్టంలోని ఆ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసిందని మీలో మీరు నవ్వుకోండి.

7. తర్వాత వచ్చే మామూలు ప్రశ్నకు ముందుగా మీరే బదులివ్వండి

బొబ్బిలి విషయంలో నాతో మూడు రోజులు పోట్లాడిన ఆయన దసరా వెళ్లాక, పిల్లలతో వస్తున్నాం, మంగళవారం పైడితల్లి సిరిమాను ఉత్సవం చూడటానికి ఎక్కడ నిలబడాలని గ్రూపులో అడిగారు. విజయనగరంలో గుడి ఉన్న మూడు లాంతర్ల కూడలి దగ్గరికి మధ్యాహ్నానికే చేరుకోమనీ, పిల్లల చెయ్యి వదలొద్దనీ రాశాను.