వేరుశనగ కట్టె వామి వేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అనంతపురం వంటి మెట్ట ప్రాంతాల్లో వేసవి అంతా పశువులను నిలబెట్టేది కాయలు తీసేశాక మిగిలిన ఎండు వేరుశనగ తీగను (కట్టెను) కుప్పగా పేర్చిన ఈ వామే గనుక, పనికి దిగక ముందే కింది విషయాలను సరిచూసుకోవాలి.

1. మేత అవసరాన్ని లెక్క వేసుకోండి. ఒక పెద్ద పశువుకు రోజుకు 5 కిలోల ఎండుమేత చొప్పున చూసినా నాలుగు నెలలకు 600 కిలోలు కావాలి. ఆ లెక్క తేలక ముందే కట్టెను అమ్ముకోవద్దు.

2. కాడను వంచితే పుటుక్కున విరిగేటంతగా ఎండిందో లేదో చూడండి. అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే. తడి ఉండగానే వామి వేస్తే లోపల వేడి పుట్టి బూజు పడుతుంది. ఆ బూజు వల్ల చేరే అఫ్లాటాక్సిన్ అనే విషం పశువు కాలేయాన్ని దెబ్బతీయడమే కాక పాలలోకి కూడా దిగుతుంది కాబట్టి, బూజు పట్టిన భాగాన్ని కొంచెమే కదా అని మంచి మేతలో కలపకూడదు, మేకలకూ వేయకూడదు.

3. మాంసకృత్తులు ఎక్కువగా ఉండేది ఆకులోనే. అది రాలిపోకుండా కట్టెను ఉదయపు చల్లదనంలోనే తిరగవేయాలి.

4. వామి అడుగున రాళ్లు, కందికంప పరచి ఎత్తు చేయండి. కరెంటు తీగల కింద వేయవద్దు.

5. వామి పనిలో పడి పశువులను జొన్న కోసిన చేలోకి వదలకండి. మోళ్ల నుంచి లేచిన లేత పిలకలు, ముఖ్యంగా వానలేక వాడినవి, మేస్తే నాము (లేత జొన్నలోని సైనైడు విషం) తగిలి నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

6. మిగిలిన చెత్తను తగలబెట్టకుండా పేడతో కలిపి దిబ్బలో వేయండి.