కఫం పలచబరిచే మందు పడటం లేదా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

కఫం చిక్కగా పట్టేసి ఎంత దగ్గినా బయటికి రానివాళ్లకు డాక్టర్లు తరచుగా రాసేవి రెండు: నీళ్లలో వేస్తే బుసబుసా పొంగే అసిటైల్‌సిస్టీన్ 600 మి.గ్రా. మాత్ర, ఆంబ్రాక్సాల్ ఉన్న సిరప్. మొదలుపెట్టిన రెండు రోజులకే "ఇది మాకు పడలేదండీ" అని ఆపేసేవాళ్లు చాలామంది. నిజానికి వాటిలో చాలా ఇబ్బందులు వాడే తీరు వల్ల వచ్చేవే. కొన్ని మాత్రం క్షణం ఆలస్యం చేయకూడనివి. ఏది ఏదో తేల్చుకోవాలంటే ముందు స్ట్రిప్ మీద, సీసా మీద బ్రాండ్ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందుల పేర్లు చదవండి.

మందు మొదలుపెట్టాక కఫం, దగ్గు ఇంకా ఎక్కువయ్యాయి

మందు పనిచేస్తోందన్నమాట. కఫాన్ని జిగురుగా పట్టి ఉంచే గంధకపు బంధాలను అసిటైల్‌సిస్టీన్ తెంపుతుంది. పలచబడిన కఫం ఊపిరితిత్తుల్లోంచి పైకి రావాలంటే దగ్గే దారి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది: రాత్రి నిద్ర పట్టడం లేదని డెక్స్‌ట్రోమెథార్ఫాన్ లేదా కోడీన్ ఉన్న దగ్గు మందు కొని తాగేస్తారు. ఒక మందు కఫాన్ని వదులు చేస్తుంటే, ఇంకొకటి దాన్ని బయటికి రానివ్వదు. దయచేసి ఆ పని చేయకండి.

దానికి బదులు ఇలా చేయండి. నిటారుగా కూర్చుని, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, రెండు మూడు సెకన్లు ఆపండి. తర్వాత నోరు బాగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించేటట్టు "హా..." అని గట్టిగా వదలండి. రెండు మూడుసార్లు చేస్తే కఫం గొంతు దాకా వస్తుంది, అప్పుడు ఒక్కసారి దగ్గి ఉమ్మేయండి. నీళ్లు తగినంత తాగండి. గుండె, కిడ్నీ జబ్బు ఉండి డాక్టర్ నీళ్లకు లెక్క పెట్టి ఉంటే ఆ లెక్క దాటొద్దు.

పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్న పెద్దవాళ్లు, దగ్గే బలం లేనివాళ్ల సంగతి వేరు. పలచబడిన కఫం లోపలే నిలిచిపోయి ఊపిరాడకుండా చేయొచ్చు. వాళ్లకు ఈ మందు మొదలుపెట్టే ముందే కఫం బయటికి ఎలా తీయాలో డాక్టర్‌ను అడిగి తెలుసుకోండి. రెండేళ్లలోపు పిల్లలకు సొంతంగా అసలు ఇవ్వకండి. ఇదే కారణంతో 2010లో ఫ్రాన్స్‌లో ఆ వయసు పిల్లలకు అసిటైల్‌సిస్టీన్, అదే రకం మందైన కార్బోసిస్టీన్ వాడకూడదన్నారు.

గ్లాసులోంచి కుళ్లిన గుడ్డు వాసన

మాత్ర పాడవలేదు, అది గంధకం వాసన. అర గ్లాసు నీళ్లలో వేసి, పూర్తిగా కరగగానే తాగేయండి. అదే గ్లాసులో వేరే మాత్ర కలపొద్దు. నేరుగా నోట్లో వేసుకోవద్దు. వేసుకునేటప్పుడే, పొడి చేతులతో స్ట్రిప్ చింపండి. మాత్ర పొడిపొడిగా రాలుతున్నా, నీళ్లలో పొంగకపోయినా తేమ తగిలినట్టే, పారేయండి.

వికారం, కడుపులో మంట

ఖాళీ కడుపున వేసుకుంటున్నారేమో చూడండి. తిన్నాక వేసుకుంటే చాలామందికి తగ్గిపోతుంది. ఇంతకుముందు కడుపులో పుండు ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. వాంతిలో రక్తం, నల్లటి విరేచనం కనిపిస్తే ఆసుపత్రికే.

చేతుల వణుకు, గుండె దడ

దీనికే ఎక్కువ టెన్షన్ పడతారు, నింద మాత్రం తప్పు మందు మీద పడుతుంది. అసిటైల్‌సిస్టీన్, ఆంబ్రాక్సాల్ మామూలుగా వణుకు తెప్పించవు. సీసా మీద చూడండి: లెవోసాల్బుటమాల్ లేదా టెర్బుటలిన్ కలిసి ఉంటుంది. మన దగ్గర దొరికే చాలా కఫం సిరప్‌లలో ఇవి ఉంటాయి. అవి గాలి గొట్టాలను వదులు చేసే మందులు, వణుకూ దడా వాటివే. ఇప్పటికే ఇన్‌హేలర్‌లో అదే రకం మందు పీలుస్తుంటే మోతాదు రెట్టింపైనట్టు.

ముందు కొలత సరిచూసుకోండి. వంటింటి చెంచాలన్నీ ఒక సైజు కావు, సీసాతో వచ్చిన కప్పుతోనే పోయండి. అయినా తగ్గకపోతే ఇన్‌హేలర్, సిరప్ రెండూ డాక్టర్ ముందు పెట్టి అడగండి. గుండె జబ్బు, థైరాయిడ్ ఉన్నవాళ్లు రెండో రోజుకు వాయిదా వేయొద్దు. ఇంట్లో అడ్డసరం కషాయం తాగుతుంటే ఆకే కదా అని దాచకండి. ఆంబ్రాక్సాల్‌కు మూలమైన బ్రోమ్‌హెక్సిన్ పుట్టిందే అడ్డసరంలోని వాసిసిన్ నుంచి.

బీపీ అదుపు తప్పింది

పొంగే మాత్రల్లో సోడియం ఉంటుంది. ఉప్పు తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు రోజూ వాడితే అది లెక్కలోకి వస్తుంది. పొంగని రకం ఇవ్వమని అడగొచ్చు. బీపీ పడిపోయి తలనొప్పి, కళ్లు తిరగడం వస్తుంటే, ఛాతీ నొప్పికి నైట్రోగ్లిజరిన్ వాడుతున్నారా చూడండి. అసిటైల్‌సిస్టీన్‌తో అది కలిస్తే అలా అవుతుంది. మూర్ఛకు కార్బమాజెపిన్ వాడేవాళ్లూ ముందే చెప్పాలి. యాంటీబయాటిక్ మాత్రలకూ అసిటైల్‌సిస్టీన్‌కూ రెండు గంటల ఎడం ఉంచండి.

నెబ్యులైజర్‌లో పెట్టాక పిల్లికూతలు, ఆయాసం

వెంటనే ఆపండి. ఆస్తమా ఉన్నవాళ్లకు పీల్చే అసిటైల్‌సిస్టీన్ వల్ల గాలి గొట్టాలు బిగుసుకుపోవచ్చు. డాక్టర్ రాసి ఇచ్చిన ఇన్‌హేలర్ తీసుకుని ఆసుపత్రికి బయల్దేరండి. పొంగే మాత్రను కరిగించి నెబ్యులైజర్‌లో ఎప్పుడూ పోయకూడదు.

ఒంటి మీద దద్దుర్లు

ఇంకో డోసు వేసి చూద్దాం అనుకోవద్దు. పెదవులు, ముఖం వాచినా, ఊపిరి బిగిసినా 108కి ఫోన్ చేయండి. జ్వరంతో పాటు నోట్లో, కళ్లలో పుండ్లు, చర్మం మీద బొబ్బలు వస్తే అది చాలా అరుదైనా ప్రాణాంతకమైన రియాక్షన్ కావచ్చు. ఆంబ్రాక్సాల్, బ్రోమ్‌హెక్సిన్ విషయంలో యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2015లో ఈ హెచ్చరికను చేర్పించింది. స్ట్రిప్‌నో సీసానో వెంట తీసుకెళ్లండి, ఆ మందు పేరు మీ ఫైలు మొదటి పేజీ మీద రాయించుకోండి.

మందు వాడుతున్నా దగ్గు తగ్గడం లేదు

కఫంలో రక్తపు చారలు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే ఇంకో సీసా కొనొద్దు. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆసుపత్రిలో టీబీ కోసం కఫం పరీక్ష ఉచితంగా చేస్తారు. అది చేయించుకోండి.