మందు మానినవాళ్లు కొండ ఎక్కడం, ముఖ్యంగా దిగడం ఎలా?

మందు మానినవాళ్లకి వారానికోసారి కొండ ఎక్కడం చాలా మేలు చేస్తుంది. రాత్రి నిద్ర పడుతుంది, ఆకలి పుడుతుంది, ఖాళీగా ఉండే ఆదివారం పొద్దుటికి ఒక పని దొరుకుతుంది. డాక్టరు ఇచ్చే మందులకీ కౌన్సెలింగ్‌కీ ఇది తోడుగా ఉండాలి. కొండ ఎక్కుతున్నాం కదా అని వాటిని ఆపేయకూడదు.

నేను సింహాచలం మెట్ల మీద మానినవాళ్లతో కలిసి ఏళ్ల తరబడి నడుస్తున్నాను. కొత్తగా వచ్చేవాళ్లంతా ఎక్కడం గురించే అడుగుతారు: ఎన్ని మెట్లు, ఎంతసేపు పడుతుంది, ఆయాసం వస్తుందా. ఎక్కుతుండగా తాగాలనిపించిందని చెప్పినవాళ్లు తక్కువ. దిగాక బస్టాపు దగ్గరో, ఇంటికెళ్లిన కాసేపటికో, మర్నాడు కాళ్ల నొప్పులతోనో మళ్లీ గ్లాసు పట్టినవాళ్లే ఎక్కువ. అందుకే దిగడం దగ్గర ఎక్కువ చెబుతాను, మిగతాది త్వరగా చెప్పేస్తాను.

ముందు డాక్టరు

మానిన మొదటి వారం పది రోజులు కొండ వద్దు. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రోజే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేని మనుషులు కనిపిస్తారు, ప్రాణం మీదికి వస్తుంది. ఈ రోజులు డాక్టరు చూపులో గడవాలి. కల్లు తాగేవాళ్లూ తేలిగ్గా తీసుకోకండి. కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తు బిళ్లల పొడి ఉంటుంది, అది ఒక్కసారిగా ఆగినా ఫిట్స్ వస్తాయి. 2020 మార్చి లాక్‌డౌన్‌లో కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం ఎలా వచ్చారో హైదరాబాదు వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

బీపీ, గుండె, లివర్ చూపించుకుని, మెట్లెక్కొచ్చా అని అడగండి. అరికాళ్లు మంటలుగా, తిమ్మిరిగా ఉంటే అది కూడా చెప్పండి. ఎక్కువ కాలం తాగినవాళ్లకి పాదాల నరాలు దెబ్బతింటాయి, బొబ్బ లేచినా తెలియదు. నడిచిన రోజు సాయంత్రం అరికాళ్లు కళ్లతో చూసుకోవాలి.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. మనిషికి తెలియకుండా కూరలో మానిపించే పొడి కలపకండి. అందులో డైసల్ఫిరామ్ (మందు తాగితే ఒంటికి పడకుండా చేసే బిళ్ల) ఉంటే, ఆ సంగతి తెలియని మనిషి తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణానికే ప్రమాదం. డాక్టరు చెప్పి ఇస్తున్నా, చివరి బిళ్ల తర్వాత రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు.

ఏ కొండ

దగ్గరలో ఉన్నది, మెట్లున్నది, గంటలో ఎక్కగలిగేది. విశాఖ వాళ్లకి సింహాచలం సరిగ్గా సరిపోతుంది. కొండ కింద మెట్లు మొదలయ్యే తొలి పావంచా నుంచి సుమారు వెయ్యి మెట్లు, దారిలో చెట్ల నీడ, కూర్చోవడానికి చోటు, పైన గుడి. తిరుమల అలిపిరి దారి 3,550 మెట్లు, మొదటి మూడు నెలలు దాని జోలికి పోవద్దు. భువనగిరి కోట ఎక్కేది నున్నటి బండ మీద, వాన పడితే జారుతుంది, కాళ్లలో ఇంకా వణుకు ఉన్నవాళ్లు వెళ్లకూడదు. వారానికో కొత్త కొండ అని తిరగకండి. ఎప్పుడూ ఒకే కొండ, ఒకే రోజు, ఒకే టైము.

జిమ్‌లో చేరితే చాలదా అంటారు చాలామంది. చాలదు. జిమ్‌లో చెవుల్లో పాటలు పెట్టుకుని ఒక్కడే ఉంటాడు. మెట్ల మీద పక్కమనిషితో మాట్లాడక తప్పదు. మాల వేసుకుంటే మానేస్తాడులే అనేవాళ్లూ ఉన్నారు. అయ్యప్ప దీక్ష మీద నాకు గౌరవం ఉంది, ఆ 41 రోజులు ఎంత నిష్ఠగా ఉంటారో చూశాను. అయితే దీక్షకి ముగిసే రోజు ఒకటి ఉంటుంది, తాగేవాడి మనసు ఆ రోజునే లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. మాల తీసిన సాయంత్రమే బాటిల్ తెరిచిన ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఆదివారం కొండకి అలాంటి చివరి రోజు లేదు.

సామాను

పట్టు ఉన్న బూట్లు, పాతవైనా పర్లేదు. లీటరు నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, అరటిపండ్లు, పల్లీపట్టీ, డబ్బాలో పెరుగన్నం. పెరుగన్నం తప్పనిసరి, ఎందుకో కింద చెబుతాను. డబ్బులు బస్సు ఛార్జీకి మించి వద్దు. యూపీఐ ఉన్న ఫోన్ తోడు వచ్చిన మనిషి దగ్గర ఉండాలి.

తోడు లేకుండా వెళ్లకూడదు. ఆ మనిషి తాగనివాడై ఉండాలి, మానేసి ఏడాది దాటినవాడైతే మరీ మంచిది. భార్యని తీసుకెళ్లవద్దంటాను. ఆవిడ ఇన్నేళ్లు కాపలా కాసి అలిసిపోయి ఉంటుంది, ఆదివారం పొద్దున్న ఆవిడని నిద్రపోనివ్వండి.

ఎక్కడం

ఐదున్నరకి మొదలుపెట్టండి. మాట్లాడుతూ ఎక్కగలిగినంత నెమ్మదిగా ఎక్కండి, మాట ఆగితే మీరు కూడా ఆగండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అక్కడితో ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. ఇంతే.

దిగడం

పైకి చేరగానే మనసు తేలిక పడుతుంది. గాలి తగులుతుంది, దర్శనం అవుతుంది, చాలా కాలం తర్వాత మనిషికి తన మీద తనకి నమ్మకం పుడుతుంది. ఆ నమ్మకం మంచిదే, కానీ దాని వెనకే ఇంకో ఆలోచన వస్తుంది: ‘ఇంత కష్టపడ్డాను, ఇంక నాకేం కాదు, ఒక్కటి వేసుకుంటే తప్పేంటి?’ ఏళ్ల తరబడి ప్రతి పని చివర పెగ్గు పెట్టుకున్న మనిషికి పని పూర్తవగానే ఆ ఆలోచన రావడం సహజం. వచ్చినందుకు సిగ్గుపడక్కర్లేదు, దాచుకోకుండా ఉంటే చాలు.

అందుకే పైన కూర్చుని పెరుగన్నం తినకుండా ఒక్క మెట్టు కూడా దిగకూడదు. తాగి తాగి లివర్ దెబ్బతిన్న ఒంట్లో చక్కెర నిల్వ తక్కువ. గంట మెట్లెక్కాక ఆకలీ దాహం ఒక్కసారిగా వస్తాయి. వాటిని మందు కోరిక అనుకుంటారు. ‘తాగాలనిపిస్తోంది’ అని చెప్పినవాళ్లలో చాలామంది నాలుగు ముద్దలు తిని నీళ్లు తాగాక మామూలైపోవడం నేను చూశాను. ప్రసాదం తిన్నాం కదా అంటారు. పులిహోర పిడికెడు చాలదు.

తిన్నాక, ఇంటికి వెళ్లే దారి మొత్తం తోడు మనిషికి పైకే చెప్పండి. ఏ స్టాపులో బస్సెక్కుతారు, ఎక్కడ దిగుతారు, దారిలో వైన్ షాపు ఏ పక్క ఉంది, పాత ఫ్రెండ్ కనిపిస్తే ఏమంటారు. ‘చూద్దాంలే’ అని వదిలేయకండి. కనిపించిన ఫ్రెండ్‌కి ‘డాక్టరు వద్దన్నాడు, బస్సు వచ్చేస్తోంది’ అని చెప్పి కదిలిపోవాలి, నిలబడి వివరాలు చెప్పకూడదు. ఆంధ్రలో మందు షాపులు పొద్దున్న పదింటికి తెరుస్తారు. ఐదున్నరకి మొదలైతే తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉంటారు. మా టైము అలా పెట్టుకున్నదే. బెల్టు షాపుకి మాత్రం టైము లేదు, అది ఉన్న సందు మార్చి నడవాలి.

దిగేటప్పుడు బస్సెక్కేయొచ్చు కదా అంటారు. మోకాళ్లు బాగాలేనివాళ్లు తోడుతో సహా ఎక్కండి. మిగతావాళ్లు నడిచే దిగాలి. బస్సు కొద్ది నిమిషాల్లో తీసుకెళ్లి జంక్షన్‌లో దించేస్తుంది, ఒళ్లు అలిసి, మనసు ఇంకా పైనే ఉండగా. మెట్ల దారిలో అరగంట మాటలు నడుస్తాయి. పైన చెప్పడానికి మొహమాటపడినవాళ్లు కూడా దిగేటప్పుడు చెబుతారు.

మధ్యలో గట్టిగా తాగాలనిపిస్తే దిగడం ఆపేయండి. ఆ మనసుతో కిందికి వెళ్లకూడదు. మెట్టు పక్కన కూర్చుని తోడు మనిషికి ‘నాకు ఇప్పుడు తాగాలనుంది’ అని అదే మాటల్లో చెప్పాలి. మజ్జిగ తాగాలి, పల్లీపట్టీ తినాలి, అరగంట కదలకూడదు. ఆ కోరిక పాలపొంగులాంటిది, సాధారణంగా అరగంటలో దిగుతుంది. తోడు మనిషి నీతులు చెప్పకూడదు, పిల్లల పేరెత్తకూడదు. పక్కన కూర్చుంటే చాలు. అరగంట దాటినా తగ్గకపోతే 14446కి ఫోన్ చేయండి, మత్తు మానేవాళ్ల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ అది. మానసిక సాయానికి టెలిమానస్ 14416 కూడా ఉంది. తర్వాత తోడు మనిషి ఇంటి గుమ్మం దాకా రావాలి, బస్టాపులో చెయ్యి ఊపి వెళ్లిపోకూడదు.

మర్నాడు, ఆ మర్నాడు

తొడలు, పిక్కలు పట్టేస్తాయి. దిగేటప్పుడు కండరాలు బరువుని ఆపుతూ సాగుతాయి కాబట్టి నొప్పి ఎక్కేదానికంటే దిగేదానికే ఎక్కువ, అది రెండో రోజుకి ముదురుతుంది. ‘ఒళ్లు నొప్పులకి ఒక పెగ్గు’ అన్న పాత అలవాటు లేచేది అప్పుడే. ఇది ముందే తెలిసినవాళ్లు భయపడరు. వేన్నీళ్ల స్నానం, కొంచెం నడక, తొందరగా నిద్ర. నొప్పి బిళ్ల డాక్టర్ని అడిగే వేసుకోండి, లివర్ దెబ్బతిన్నవాళ్లకి పారాసిటమాల్ కూడా లెక్క ప్రకారమే ఇవ్వాలి. మంగళవారం రాత్రి తోడు మనిషి ఒక ఫోన్ చేయాలి.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేస్తానని మొదటి ఏడాదే ఉత్సాహపడేవాళ్లు ఉంటారు. 32 కిలోమీటర్లు, రాత్రంతా నడక, కిక్కిరిసిన జనంలో తోడు మనిషి తప్పిపోతాడు. రెండో ఏడాది చూసుకోండి.

మధ్యలో ఎప్పుడైనా తాగేస్తే ఆ వారం కొండకి రాకుండా దాక్కోకండి, ఫోన్ చేసి చెప్పండి. కొన్ని రోజులు వరసగా తాగి ఆపినట్టయితే మళ్లీ ముందు డాక్టరే, వణుకు మొత్తం తగ్గేదాకా మెట్లు వద్దు. ఆయన సరే అన్నాక తొలి పావంచా దగ్గర మొదలుపెట్టి సగం మెట్ల దాకానే ఎక్కండి, అక్కడే పెరుగన్నం తిని దిగండి. పైదాకా వెళ్లడం రెండు వారాల తర్వాత.