దూర ప్రయాణానికి ముందు బండిలో ఇవి కూడా చూసుకోండి

బయల్దేరే ముందు టైర్లలో గాలి, బ్రేకులు, ఇంజిన్ ఆయిల్ అందరూ చూస్తారు. ప్రమాదం జరగకుండా కాపాడేవి అవి. ప్రమాదం జరిగాక మనిషిని కాపాడేవి వేరే ఉన్నాయి: సీటు, బెల్టు, ఎయిర్‌బ్యాగ్, తలుపులు. వాటి జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు. బండి దేన్నో ఢీకొట్టి ఆగిపోయినా లోపలి మనిషి అదే వేగంతో ముందుకు పోతాడు, స్టీరింగ్‌కో డాష్‌బోర్డుకో కొట్టుకుంటాడు. ఆ రెండో దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందన్నది చాలావరకు బండి డిజైన్ మీదే ఆధారపడి ఉంటుంది.

దీని మీద అమెరికాలో 1968లో ఒక ముఖ్యమైన తీర్పు వచ్చింది. ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు జనరల్ మోటార్స్ తయారుచేసిన కార్వెయిర్ కారు స్టీరింగ్ గొట్టం వెనక్కి దూసుకొచ్చి నడిపేవాడి తలకు తగిలింది. ప్రమాదాలు జరుగుతాయని తయారీదారుకు ముందే తెలుసు కాబట్టి, అప్పుడు గాయాలు మరింత తీవ్రం కాకుండా తగిన జాగ్రత్తతో డిజైన్ చేయాల్సిన బాధ్యత వాళ్లదేనని లార్సెన్ వర్సెస్ జనరల్ మోటార్స్ కేసులో కోర్టు చెప్పింది. తప్పు ఎవరిదైనా సరే, బండి వల్ల గాయం పెరగకూడదు. నా దృష్టిలో అది న్యాయమైన మాట.

మొదట చేయాల్సిన పని మీ బండికి రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం, ఏదైనా పెండింగ్‌లో ఉందేమో చూడటం. ఛాసిస్ నంబరు రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉంటుంది. ఆ నంబరుతో కంపెనీ వెబ్‌సైట్‌లోనో సర్వీస్ సెంటర్‌లోనో అడగండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే తప్పకుండా అడగాలి, ఎందుకంటే రీకాల్ ఉత్తరం పాత యజమాని చిరునామాకే పోయి ఉండొచ్చు. జపాన్ కంపెనీ టకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగుల సంగతి చూడండి. వాటిని ఉబ్బించే అమ్మోనియం నైట్రేట్ అనే రసాయనం ఏళ్ల తరబడి వేడికి, తేమకు పాడై, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి ముక్కలు మనుషుల మీదికి ఎగిరాయి. బతికి బయటపడాల్సిన ప్రమాదాల్లో కూడా ప్రాణాలు పోయాయి. అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులను రీకాల్ చేశారు. అలాంటి నోటీసు మీ బండికి ఉంటే, మార్పించాకే ప్రయాణం పెట్టుకోండి.

ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, మీటర్ల వైపు చూడండి. ఎయిర్‌బ్యాగ్ గుర్తు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకుండా వెలుగుతూనే ఉంటే లోపం ఉన్నట్టే. అసలు వెలగనే లేదంటే ఇంకా అనుమానించాలి: ఒకసారి ప్రమాదానికి గురైన బండికి కొత్త ఎయిర్‌బ్యాగ్ పెట్టకుండా, ఆ లైటు తీసేసి అమ్మేవాళ్లు ఉన్నారు.

తాళంచెవికి బరువైన గుత్తి తగిలించకండి. 2014లో జనరల్ మోటార్స్ రీకాల్ చేసిన కార్లలో ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండి, గుత్తి బరువుకో కుదుపుకో తాళం దానంతట అదే తిరిగిపోయేది. నడుస్తుండగానే ఇంజిన్ ఆగిపోయేది, ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. ఆ లోపం వల్ల 124 మంది చనిపోయినట్టు కంపెనీ ఏర్పాటు చేసిన పరిహార నిధే లెక్కతేల్చింది.

సీట్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. వెనక నుంచి మరో బండి గుద్దితే బలహీనమైన ముందు సీటు వీపు వెనక్కి విరిగి పడుతుంది. సరిగ్గా ఆ వెనకే పిల్లలు కూర్చుంటారు. సీటు వీపును రెండు చేతులతో పట్టి ముందుకూ వెనక్కూ ఊపండి, లొడలొడలాడితే బాగుచేయించండి. వీలుంటే పిల్లల సీటు ఖాళీ సీటు వెనకో, తక్కువ బరువున్న మనిషి వెనకో బిగించండి. వెనక్కి చూస్తూ కూర్చునే పసిపిల్లల సీటును, పనిచేసే ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో ఎప్పటికీ పెట్టకూడదు. హెడ్‌రెస్ట్ పై అంచు మీ తల పై భాగంతో సమానంగా ఉండాలి. అడ్డమని తీసేసి ఉంటే మళ్లీ పెట్టండి.

బెల్టును పూర్తిగా బయటికి లాగి, అంచులు పీచులు లేచాయేమో వేళ్లతో తడిమి చూడండి. ఒక్కసారిగా గుంజితే అది పట్టేయాలి. నడుము పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఆనాలి. సీటు బాగా వాల్చుకుని పడుకుంటే మనిషి పట్టీ కిందినుంచి జారి, అది పొట్టలోకి కోసుకుపోతుంది. బెల్టు పెట్టుకోకుండా, హెచ్చరిక మోగకూడదని ఉత్త క్లిప్పు పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పెద్ద ప్రమాదం చూసిన బెల్టును మార్చాల్సిందే.

లోపాలు కంపెనీ నుంచే రావు, కొన్ని మనం చేతులారా తెచ్చిపెట్టుకుంటాం. సీటు పక్కనుంచి ఎయిర్‌బ్యాగ్ వచ్చే బండికి మామూలు సీటు కవర్ వేస్తే అది తెరుచుకోవడానికి అడ్డం. ముందు బిగించే ఇనుప బంపర్, ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను తగ్గించాల్సిన భాగాల పనిని చెడగొట్టొచ్చు. తలుపులు కరెంటుతో తెరుచుకునే కొత్త కార్లలో చేత్తో తెరిచే మీట ఎక్కడుందో, వెనక సీటుకు కూడా ఉందో లేదో, ఇంట్లో అందరికీ చూపించండి.

ఇంత చూసుకున్నాక కూడా ప్రమాదం జరిగి, బెల్టు ఊడిందనో, సీటు విరిగిందనో, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదనో అనిపిస్తే, బండిని తుక్కుకు పోనివ్వకండి, బాగుచేయించకండి; లోపానికి సాక్ష్యం ఆ బండే. లోపల, బయట ఫొటోలు తీయండి. బండిని కదల్చొద్దని, ముక్కలు చేయొద్దని బీమా కంపెనీకీ, బండి ఉన్న యార్డుకీ రాతపూర్వకంగా చెప్పి, ఆ ఉత్తరం నకలు మీ దగ్గర ఉంచుకోండి.