గేషా ఆత్మకథను పదిమంది కలిసి చదవడం ఎలా

జపాన్‌లో విందులలో నాట్యంతో, సంగీతంతో, మాటలతో అతిథులను అలరించే కళాకారిణులైన గేషాల జీవితం గురించి కలిసి చదువుదామని అనుకున్న బృందం అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది, చేతిలోకి తీసుకోబోతున్నది ఆత్మకథా, నవలా అన్న సంగతి. ఈ తేడా చిన్నది కాదు. 1997లో ఆర్థర్ గోల్డెన్ అనే అమెరికన్ రచయిత ఒక గేషా తన కథను తానే చెప్పుకుంటున్నట్టుగా ఒక నవల రాశారు. అది ప్రపంచమంతా అమ్ముడుపోయింది, సినిమాగానూ వచ్చింది. దానిని నిజమైన జీవితకథ అనుకున్నవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. ఆ నవల కోసం ఆయన మాట్లాడిన గేషాలలో క్యోటోకు చెందిన ఇవాసాకి మినేకో ఒకరు. తన పేరు బయటపెట్టనన్న మాట తప్పారని, తన జీవితాన్ని వక్రీకరించారని ఆమె 2001లో దావా వేశారు. 2003లో అది కోర్టు బయట రాజీతో ముగిసింది. ఈలోగా 2002లో ఆమె తన ఆత్మకథను వెలువరించారు. కాబట్టి బృందంలో ఎవరైనా నవలను చదివి ఉంటే ఆ విషయాన్ని మొదటి సమావేశంలోనే చెప్పనివ్వండి. లేకపోతే మూడవ సమావేశం నాటికి నవలలోని సంఘటన ఒకటి ఆత్మకథలోని సంఘటనగా చర్చలోకి వచ్చేస్తుంది, దానిని ఎవరూ గుర్తుపట్టరు.

ఒక్క పుస్తకంతో సరిపెట్టుకోకుండా రెండు చదవమని నా సలహా. ఒకటి ఇవాసాకి మినేకోది, రెండవది మసుదా సాయోది. వీలైతే మసుదాతోనే మొదలుపెట్టండి. 1925లో నాగానో ప్రాంతంలో పుట్టిన మసుదా, ఆరేళ్ల వయసుకే ఒక భూస్వామి ఇంట పసిపిల్లలను ఎత్తుకుని ఆడించే పనిపిల్ల. చలికి ఒక పాదాన్ని రెండవ కాలికి ఆనించి వెచ్చబెట్టుకుంటూ ఒంటికాలిమీద నిలబడేది గనుక ఆమెను కొంగ అని పిలిచేవారు. పన్నెండేళ్లకు సువా సరస్సు ఒడ్డునున్న వేడినీటి బుగ్గల ఊరిలో ఒక గేషా ఇంటికి ఆమెను అమ్మేశారు. యుద్ధం తరువాత సబ్బులు అమ్మి, దొరికిన పనల్లా చేసి బతికింది. ఇవాసాకి 1949లో క్యోటోలో పుట్టి, చిన్ననాడే గియోన్ కోబు అనే గేషాల పేటలోని పేరున్న ఇంటికి వారసురాలిగా వెళ్లి, నాట్యంలో కీర్తి గడించి, ఇరవైతొమ్మిదేళ్లకే వృత్తి వదిలేశారు. గియోన్‌తో మొదలుపెట్టిన పాఠకులకు పట్టుబట్టలు, పూలు, దీపాల వెలుగు ముందుగా మనసులో స్థిరపడిపోతాయి. తరువాత మసుదాను చదివితే ఆమె జీవితం ఏదో దారితప్పిన ఉదాహరణలాగా కనబడుతుంది. వరుస మార్చి చదివితే ఆ ప్రమాదం ఉండదు.

కథలోకి వెళ్లకముందే ఆ పుస్తకాలు ఎలా తయారయ్యాయో ఒక అరగంట మాట్లాడుకోవడం మంచిది. మసుదా బడిముఖం చూడలేదు. పెద్దయ్యాక హిరగానా అనే సులువైన జపనీస్ అక్షరాలు నేర్చుకుని, ఆ కాస్త చదువుతోనే ఒక మహిళా పత్రిక నిజజీవిత కథల పోటీకి 1956లో తన బతుకును రాసి పంపింది, రెండవ బహుమతి వచ్చింది. దానిని విస్తరించగా 1957లో పుస్తకమైంది. ఇంగ్లీషు అనువాదం 2003లో గాని రాలేదు. ఇవాసాకి పుస్తకం మరోలా పుట్టింది. ఒక అమెరికన్ సహరచయిత్రితో కలిసి, జపాన్ బయటి పాఠకులను దృష్టిలో పెట్టుకుని, ఒక నవల చేసిన నష్టాన్ని సరిదిద్దాలన్న పట్టుదలతో రాసిన పుస్తకం అది. ఒకరు తన దేశపు సామాన్య స్త్రీలకు చెబుతున్నారు, మరొకరు దేశంకాని దేశపు పాఠకుల ముందు తన వృత్తి గౌరవాన్ని నిలబెడుతున్నారు. దేనిని విడమరిచి చెబుతారు, దేనిని దాటవేస్తారు, ఎక్కడ కోపం వస్తుంది, ఎక్కడ గర్వం వస్తుంది అన్నవన్నీ ఈ తేడా నుంచే వస్తాయి.

మాటల విషయంలో తొందరపడకూడదు. చర్చ తెలుగులో జరుగుతుంది కాబట్టి ప్రతి జపనీస్ మాటకూ ఒక తెలుగు మాట వెతికి పెట్టాలన్న ఆత్రుత కలుగుతుంది. అక్కడే పొరపాట్లు దొర్లుతాయి. గేషా అన్న మాటలో గేయ్ అంటే కళ, షా అంటే మనిషి. కళను కలిగిన వ్యక్తి అని అర్థం. తెలుగువారికి ఈ అర్థం వినగానే కళావంతులు అన్న మాట గుర్తుకు రాకమానదు. రెండు భాషలలోనూ కళ పేరుమీద పుట్టిన మాటకే లోకం తరువాత బురద పూసింది. ఈ పోలిక దగ్గర కాసేపు ఆగవచ్చుగాని దానిని అనువాదంగా వాడుకోవద్దు. గేషా అన్న మాటనే ఉంచండి. క్యోటోలో గేషాను గేకో అంటారు, శిక్షణలో ఉన్న పిల్లను మైకో అంటారు. వాళ్లు ఉండే ఇల్లు ఒకియా, దానిని నడిపే స్త్రీని ఒకాసాన్ అని, అంటే అమ్మ అని పిలుస్తారు. విందు జరిగే చోటు ఒచాయా, ఈ ఇళ్లన్నీ ఉన్న పేట హనమాచి. క్యోటోలో అలాంటివి ఐదు ఉన్నాయి. ఇన్ని చాలు. వీటిలో మనసులో మెదలనివ్వవలసినది అమ్మ అన్న పిలుపు. కొన్న మనిషినే అమ్మ అని పిలవవలసి రావడం మసుదా పుస్తకం పొడుగునా వినిపిస్తుంది. పేరు పెట్టి దత్తత తీసుకున్న మనిషిని అమ్మ అనడం ఇవాసాకి పుస్తకంలో వినిపిస్తుంది. పిలుపు ఒక్కటే అయినా బంధం ఒక్కటి కాదు.

బృందంలో ఇంగ్లీషు ధారాళంగా చదవలేనివారు ఉంటే వారిని వెనుక వరుసలో కూర్చోబెట్టకండి. ప్రతి సమావేశానికి ఒకరు ముప్పై నలభై పేజీల భాగాన్ని తెలుగులో నోటితో చెప్పాలన్న ఏర్పాటు చేసుకోండి. సారాంశంగా కుదించకుండా, జరిగింది జరిగినట్టుగా, ఆ మనిషి వయసును, ఆ రోజు వాతావరణాన్ని, తిన్న తిండిని వదలకుండా చెప్పాలి. మా బృందంలో ఈ పద్ధతి పెట్టుకున్నాక నాకు తెలిసివచ్చినదేమిటంటే, చదివినవారికన్నా విన్నవారే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. మసుదా పసిపిల్లను వీపున కట్టుకుని తిరిగిన భాగం చెప్పినప్పుడు, అంతవరకు ఒక్క మాటైనా మాట్లాడని ఒక పెద్దావిడ, తమ ఊరిలో పెద్ద ఇళ్లలో బిడ్డలను ఆడించడానికి పెట్టుకునే చిన్నపిల్లల గురించి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ పిల్లల జీతం ఎవరి చేతికి వెళ్లేదో, వాళ్లు ఎక్కడ పడుకునేవారో ఆమె చెప్పారు. ఆ సాయంత్రం జరిగినంత మంచి చర్చ ఆ తరువాత మాకు మళ్లీ జరగలేదు. గేషా అన్న దూరపు మాట వెనుక పనిపిల్ల అన్న దగ్గరి మాట ఉందని ఆ రోజు అందరికీ అర్థమైంది.

ఇక అసలు పని. చదువుతున్నంతకాలం బృందం ఒక లెక్కల పుస్తకం పెట్టుకోవాలి. దీనిని నేను అన్నిటికంటే గట్టిగా చెబుతున్నాను. కిమోనో రంగులు, జడముడులు, ముఖానికి పూసుకునే తెల్లని లేపనం గురించి మాట్లాడుకోవడం సులువు, ఆనందం కూడా. మేమూ మొదటి సమావేశమంతా వాటితోనే గడిపేశాము. ఆ ముచ్చటలో పడితే ఈ వృత్తిని నిలబెట్టిన ఆర్థిక సూత్రం కళ్లముందునుంచే జారిపోతుంది. పిల్లను ఇంట్లో పెట్టుకునేటప్పుడు కన్నవారికో బంధువులకో ముందుగా ఇచ్చే సొమ్ము ఆ పిల్ల పేరుమీద అప్పుగా రాస్తారు. ఆపైన ఆమె తిండి, బట్ట, నాట్యం, షమిసెన్ వాద్యం పాఠాలు, కిమోనోలు అన్నీ ఆ అప్పుకే చేరుతాయి. విందుకు వెళితే వచ్చే రుసుమును పూర్వం ఎన్ని అగరువత్తులు కాలాయో చూసి లెక్కగట్టేవారు. ఆ సొమ్ము వచ్చేది ఇంటికి, అప్పు ఉండేది పిల్లకు. మన పల్లెల్లో బాకీ కింద ఏళ్లతరబడి జీతాలున్న కుటుంబాల సంగతి తెలిసినవారికి ఈ లెక్క వివరించనక్కరలేదు.

కాబట్టి లెక్కల పుస్తకంలో ప్రతి అధ్యాయం తరువాత కొన్ని ప్రశ్నలకు జవాబు రాయండి. ఈ అధ్యాయంలో ఆమె వయసెంత, డబ్బు ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లింది, ఆమె చేతికి ఏమైనా వచ్చిందా, ఇల్లు వదిలి వెళ్లాలంటే ఆమెకు ఎవరి అనుమతి కావాలి, ఆమెకు చదవడం రాయడం ఎంతవరకు వచ్చు. రచయిత్రి చెప్పని చోట ఖాళీ వదలండి, ఊహించి నింపకండి. ఇవాసాకి విషయంలో ఈ లెక్క వేరుగా తేలుతుంది, ఎందుకంటే ఆమె అప్పుమీద వచ్చిన పిల్ల కాదు, ఆ ఇంటికి వారసురాలు. అయినా బాగా చదువుకునే వీలు లేకపోవడం, ఇల్లు దాటి బయట బతకడానికి కావలసిన మామూలు విషయాలైనా నేర్పకపోవడం ఆమెకూ తప్పలేదు. అంత కీర్తిలో ఉండగా వృత్తి వదలడానికి ఆ వ్యవస్థ మారని తీరుపై ఉన్న అసంతృప్తిని ఆమె ఒక కారణంగా చెప్పారు. రెండు పుస్తకాల లెక్కలను పక్కపక్కన పెట్టి చూసిన రోజున, వైభవంలో ఉన్న స్త్రీకి, పేదరికంలో ఉన్న స్త్రీకి, ఇద్దరికీ లేకపోయినది ఏమిటో బృందానికి దానంతటదే కనబడుతుంది.

మిజుఆగే, అంటే శిక్షణలోని పిల్ల పెద్దదైందని గుర్తించే తంతు, గురించిన భాగం వచ్చినప్పుడు జాగ్రత్త అవసరం. మసుదా కథలో అది చిన్నపిల్ల శరీరాన్ని డబ్బుకు అమ్మడం. ఇవాసాకి మాత్రం, తనకు తెలిసిన గియోన్‌లో అది మైకో జడముడి మారే సందర్భమేనని, అలాంటి అమ్మకం తన జీవితంలో లేదని ఖండించారు. బృందంలో వెంటనే రెండు పక్షాలు ఏర్పడతాయి, ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నారని అడుగుతారు. ఆ ప్రశ్నను పక్కకు పెట్టి, ఎప్పుడు, ఎక్కడ అని అడగండి. ఒకరు చెబుతున్నది 1940 ప్రాంతపు బుగ్గల ఊరి సంగతి, మరొకరు చెబుతున్నది 1960లనాటి పాత రాజధాని క్యోటో సంప్రదాయపు సంగతి. ఈ రెండింటి మధ్య ఒక యుద్ధం ఉంది, 1956లో చేసిన వ్యభిచార నిరోధక చట్టం ఉంది, అది 1958 ఏప్రిల్ నుంచి శిక్షలతో సహా అమలులోకి వచ్చింది. ఒకే మాట రెండు చోట్ల రెండు పనులు చేయగలదు. ఈ భాగం చెప్పే బాధ్యతను ముందుగా అడిగి, ఇష్టపడినవారికే అప్పగించండి. వినలేనివారు లేచి వెళ్లవచ్చని మొదటే చెప్పండి, వెళ్లినవారిని తరువాత కారణం అడగకండి. బృందంలో ఎవరి జీవితంలోనో ఏముందో మనకు తెలియదు.

దేవదాసీల ప్రస్తావన తెలుగు పాఠకుల చర్చలో తప్పక వస్తుంది. రానివ్వండి, కాని దానికి ఒక సమావేశం వేరుగా కేటాయించండి. గేషాకు దేవుడితో పెళ్లి లేదు, గుడి మాన్యం లేదు, వృత్తి కులంగా స్థిరపడలేదు. అసలు తొలినాటి గేషాలు మగవారు. ఈ తేడాలు చెప్పుకున్నాక పోలిక ఉపయోగపడుతుంది. ఉపయోగపడేది ముఖ్యంగా ఒక విషయంలో: వ్యవస్థ లోపలి స్త్రీలందరూ ఒకే మాట మాట్లాడరు. కళావంతుల ఇంట పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మ దేవదాసీ వ్యవస్థను రద్దుచేసే ప్రయత్నాలను వ్యతిరేకించారు. అదే సమాజంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం సంస్కరణ పక్షాన పనిచేశారు. మద్రాసులో 1947లో చట్టం వచ్చింది. ఇక మసుదా తన దేశపు 1956 చట్టం గురించి రాస్తూ, వేరే బతుకుతెరువు చూపకుండా పై నుంచి తీర్పు చెప్పిన పెద్దింటి స్త్రీలమీద మండిపడింది. తాను పడిన నరకాన్ని వర్ణించిన చేతితోనే ఆ మాటా రాసింది. ఈ రెండింటినీ కలిపి చదవడం కష్టం. కష్టమని చెప్పి ఒకదానిని వదిలేయకూడదు. నాగరత్నమ్మ 1910లో తంజావూరు ఆస్థాన గణిక ముద్దుపళని రాసిన శృంగార కావ్యాన్ని యథాతథంగా అచ్చువేసినందుకు అది నిషేధానికి గురై, ప్రకాశం ప్రభుత్వం వచ్చాకగాని ఆ నిషేధం తొలగని సంగతిని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. ఇలాంటి స్త్రీలు తమ మాటను తామే అచ్చులో పెట్టినప్పుడు సమాజం ఎలా స్పందిస్తుందో చూడడానికి అది మనకు దగ్గరి ఉదాహరణ.

స్పందన రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకుంటే చాలు. పాపం అన్న మాటతో మొదలుపెట్టవద్దు. ఆ మాట తప్పని కాదు, అది వచ్చాక రాసేవారు ఇంక ఆలోచించరు. దానికి బదులు మిమ్మల్ని ఆపిన ఒక వాక్యాన్ని తీసుకుని, అది ఎందుకు ఆపిందో పది వాక్యాలలో రాయండి. మసుదా తమ్ముడి మరణం చదివి కళ్లు చెమర్చితే, ఆ చావుకు ముందు ఆమె ఏయే పనులు చేసిందో వరుసగా రాసి చూడండి. దుఃఖానికి కారణాలు ఆ వరుసలోనే ఉంటాయి. ఇవాసాకి గర్వం మీకు చిరాకు కలిగిస్తే దానిని దాచకండి. పరాయివాడు తన పేరుతో కథ అల్లితే ఏ స్త్రీ అయినా ఎంత గట్టిగా మాట్లాడవలసి వస్తుందో కూడా అదే కాగితంమీద రాయండి.

స్పందనలను పంచుకునేటప్పుడు ఇంటర్నెట్‌లో దొరికిన మైకోల ఫోటోలను జతచేసే అలవాటు మానుకుంటే మంచిది. వారు ఈ రోజు బతికి ఉన్న, పనికి నడిచి వెళుతున్న అమ్మాయిలు. కెమెరాలతో వెంటపడే సందర్శకులను తట్టుకోలేక గియోన్ వాసులు 2024లో తమ సొంత సందులలోకి యాత్రికులను రానివ్వకుండా బోర్డులు పెట్టవలసి వచ్చింది.

చివరి సమావేశానికి లెక్కల పుస్తకం తీసుకురండి. దానిని మొదటి పేజీ నుంచి ఒకరి తరువాత ఒకరు పైకి చదవండి: వయసు, సొమ్ము, ఎవరి చేతికి, ఎవరి అనుమతి. ఖాళీగా వదిలిన గడులను ఖాళీ అనే చదవండి. మాకు అది చదవడానికి నలభై నిమిషాలు పట్టింది.