పైసలు తక్కువున్న ఏడాది పంచాయతీ బడ్జెట్ ఎట్లా కూర్చుకోవాలి

"సార్, ఖాతాలో పైసల్లేవు. బడ్జెట్‌లో ఏం రాయాలె?" 2025 డిసెంబరు తెలంగాణ పంచాయతీ ఎన్నికల్లో గెలిచిన కొత్త వార్డు మెంబర్లు, ముఖ్యంగా మా నల్లగొండ జిల్లా దేవరకొండ, మర్రిగూడ వైపు వాళ్లు, అడిగేది ఇదే. పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైరైన వాణ్ని కాబట్టి నాకు తెలిసిన పద్ధతి చెప్తాను.

పత్తి ధర పడిపోయి, ప్లాట్ల బేరాలు ఆగిపోయిన ఏడాది ఇంటి పన్ను కదలదు, లేఅవుట్ ఫీజులు రావు. అప్పుడు చాలా ఊళ్లలో అన్ని పద్దుల్లోనూ తలా కొంత కోస్తారు. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఊరి కమాను సగంలో ఆగితే ఎవరికీ ఏం కాదు. బ్లీచింగ్ పౌడర్ సగానికి తగ్గితే పిల్లలు వాంతులు, విరేచనాలతో మంచాన పడతారు. అందుకే ఏ పని ఆగితే మనిషికి దెబ్బ తగులుతుందో ఆ పనికి ముందు పూర్తి పైసలు పెట్టండి, మిగిలిన దాంట్లోనే తక్కినవన్నీ సర్దండి.

దీనికోసం లెక్కల పుస్తకం కన్నా ముందు చీకటి పడ్డాక ఊరు తిరగండి. వెంట లైన్‌మన్, ఆశా కార్యకర్త, మహిళా సంఘం నుంచి ఒకరు ఉండాలి. ఆడవాళ్లకు భయం వేసే మలుపు ఏదో మగవాళ్లు కూర్చుని రాసే లిస్టులో ఎప్పుడూ ఉండదు. బస్సు దిగే చోటు, బడి దారి, మెయిన్ రోడ్డు ఎక్కే మూల తప్పకుండా చూడండి. లైటు వెలగని చోట వెంటనే కొత్త బల్బు రాసేయకండి. చాలాసార్లు బల్బు బాగానే ఉంటుంది. మూడో వైరు, అంటే వీధి లైట్లకే వేరుగా లాగిన తీగ, తెగో, బాక్సులో ఫ్యూజు పోయో ఉంటుంది. 2019లో పల్లె ప్రగతి కింద చాలా ఊళ్లలో ఈ మూడో వైరు లాగారు, ఇప్పుడు దాన్ని పట్టించుకునే వాళ్లు తక్కువ. లైన్‌మన్ చూసి చెప్పాకే ఖర్చు రాయండి.

బత్తాయి తోట ఎండిపోయాక వదిలేసిన బోర్లు మన నల్లగొండ పల్లెల్లో ఎన్నో. వాటిని మాత్రం పగలు చూడాలి. కేసింగ్ పైపు మీద రాయి పెడితే మూత కాదు. ఇనుప మూత వెల్డింగ్ చేయించండి, లేదా అడుగు నుంచి పూడ్పించండి. తోట యజమాని కదలకపోతే పంచాయతీ చేయించి, ఖర్చు తర్వాత అడగవచ్చు. ఈ పనికి నిధులు లేవనే మాట నేను ఒప్పుకోను.

తాగునీటి విషయంలో ఒక జాగ్రత్త. క్లోరిన్ పరీక్ష ట్యాంకు కింద చేసి సరే అనుకోకండి. బ్లీచింగ్ కలిపిన అరగంట తర్వాత, అన్నిటికన్నా చివర ఉన్న నల్లా దగ్గర చేయండి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. కిట్‌లోని చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగులోకి తిరుగుతాయి. తిరగలేదంటే మందు తక్కువైంది, లేదా మూట మూతి తెరిచి పెట్టడం వల్ల పౌడర్ పస పోయింది.

సఫాయి కార్మికుల, వాటర్‌మన్ జీతాలు నెలల తరబడి ఆపే ఊళ్లో ఈ పనులేవీ జరగవు. వాళ్ల జీతాలు ముందు పక్కకు తీయండి.

సీసీ కెమెరాల కోసం ఒత్తిడి ఉంటుంది. మంచివే, కానీ చీకటి మూలలో కెమెరా ఏం చూస్తుంది? ముందు లైటు. కెమెరాకు పోలీసుల 'నేను సైతం' కార్యక్రమం కింద ఊరి వ్యాపారులను దాతలుగా అడగవచ్చు. మరమ్మతు ఖర్చు మాత్రం మొదటి రోజే మాట్లాడుకోండి.

ఇక పైసలు. 2025-26 వరకు కేంద్రం ఇచ్చిన పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేసి ఉండేవి. మిగతా 40 శాతంతో జీతాలు ఇవ్వడానికి వీల్లేకుండేది. పచ్చదనానికి బడ్జెట్‌లో పది శాతం చట్టంలోనే ఉంది, దాన్ని కదిలించలేం. కానీ మొక్క ఎక్కడ నాటాలో మన చేతిలో ఉంది. కరెంటు తీగల కింద, రోడ్డు మలుపులో వద్దు. ఇంటి పన్ను వసూళ్లకు పేద ఇళ్ల గడపలు ఎక్కే ముందు ఫంక్షన్ హాళ్లు, రైస్ మిల్లులు, సెల్ టవర్ల బకాయిలు తీయండి. మిగతా వాళ్ల దగ్గరికి పత్తి పైసలు చేతికందిన నెలలో వెళ్లండి.

చివరగా, ఊరు తిరిగి రాసుకున్న ఈ పనుల లిస్టును ఏ వాడలో, ఏ స్తంభం దగ్గర అనే వివరాలతో గ్రామసభ తీర్మానంలో రాయించండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలి కనుక వాళ్లిద్దరికీ పడకపోతే బిల్లులు ఆగుతాయి. ఏడాది మొదట్లోనే తీర్మానం ఉంటే ఇద్దరినీ అడగడానికి ఆధారం ఉంటుంది. ఏం ఖర్చయిందో పంచాయతీల లెక్కలు చూపే కేంద్ర వెబ్‌సైట్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో చూసుకోండి. అందులో తేడా కనిపిస్తే సమాచార హక్కు చట్టం కింద పంచాయతీలోనే దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.