క్రూజ్ క్యాబిన్‌కి డబ్బు కట్టే ముందు డెక్ ప్లాన్ చూడండి

మొదటిసారి క్రూజ్ (ఓడలో విహారయాత్ర) బుక్ చేసేవాళ్లు ఎక్కువగా రేటు ఒక్కటే చూసి క్యాబిన్ తీసుకుంటారు. తీరా ఎక్కాక నెత్తిమీద కుర్చీలు లాగే చప్పుడుకి నిద్ర పట్టదు, లేదంటే ఊపుకి కడుపులో తిప్పుతుంది.

నెట్‌లో ఓడ పేరు కొట్టి డెక్ ప్లాన్ తెరవండి, అంటే ఓడలో ఏ డెక్‌లో (అంతస్తులో) ఏముందో చూపే పటం. మీకిచ్చే క్యాబిన్ నంబరు గుర్తించి, సరిగ్గా దాని పై డెక్‌లో, కింది డెక్‌లో ఏముందో చూడండి. రెండు చోట్లా క్యాబిన్లే ఉంటే ప్రశాంతం. పైన స్విమ్మింగ్ పూల్, భోజనాల హాలు గానీ, కింద థియేటర్ గానీ ఉంటే వేరే నంబరు అడగండి. వాంతుల భయం ఉన్నవాళ్లు ఓడ పొడవులో మధ్యన, కింది డెక్కుల్లో తీసుకోవాలి, ఊపు అక్కడే తక్కువ.

ముంబై-గోవా లాంటి చిన్న ప్రయాణానికి బాల్కనీ కోసం అదనంగా పెట్టక్కర్లేదనిపిస్తుంది. పగలంతా బయట డెక్ మీదే గడుస్తుంది కాబట్టి కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్ చాలు. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం కిటికీ ఉన్నదే తీసుకోండి. తెల్లారిందో లేదో తెలియని గదిలో వాళ్లు ఇబ్బంది పడతారు.

ఒక్క జాగ్రత్త: 'గ్యారంటీ' క్యాబిన్ అని తక్కువ రేటుకి ఇచ్చేదాంట్లో నంబరు కంపెనీయే వేస్తుంది. అందులో ఈ పద్ధతి పనికిరాదు.